ఆరు రోజులు దాచిన వార్త, అయిదేళ్లు నిలిచిన వార్త

1971 డిసెంబర్ 3, శుక్రవారం రాత్రి. ఖరగ్‌పూర్‌లోని మథురాకాటి రైల్వే క్వార్టర్లలో ఒక ఇంట్లో పదకొండు దాటినా ఎవరూ పడుకోలేదు. కిటికీ అద్దాలకు గోధుమరంగు కాగితాలు అతికించి ఉన్నాయి. బల్బు ఆర్పేశారు. రేడియో మాత్రం పాడుతోంది. పాత వాల్వు సెట్టు అది. స్టేషన్ సరిగా తగిలినప్పుడు వెలిగే ఆకుపచ్చ కన్ను కూడా బయటికి కనిపించకుండా దాని మీద తువ్వాలు కప్పారు. కప్పింది మా తాతయ్య. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. పలాస దగ్గరి పల్లె నుంచి ఉద్యోగానికి వచ్చి, ఖరగ్‌పూర్‌లోనే ఉండిపోయిన వేలాది తెలుగువాళ్లలో ఒకరు.

ఆ రాత్రి గురించి ఆయన బతికున్నన్నాళ్లూ చెబుతూనే ఉన్నారు. అప్పుడు పన్నెండేళ్ల వాడైన మా నాన్న ఇప్పటికీ చెబుతారు. నేను పుట్టక ముందరి ఆ రోజు నాకు కంఠతా వచ్చు. పొలిటికల్ సైన్సు చదివాక, పాత్రికేయంలోకి వచ్చాక దాన్ని మళ్లీ మళ్లీ నెమరేసుకుంటే ఒక సంగతి తోచింది. ఆ రోజు రేడియో రెండు పనులు చేసింది. ఒక పెద్ద వార్తను దాచింది. ఇంకో పెద్ద వార్తను అందరికీ వినిపించేలా చెప్పింది. దాచిన వార్త వల్ల మా ఇంటికి ఏ నష్టమూ జరగలేదు. చెప్పిన వార్తే తర్వాత రైల్వే కాలనీల తలుపు తట్టింది.

ముందు ఆ ఊరి సంగతి. హౌరాకు 116 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఖరగ్‌పూర్‌ను బెంగాల్-నాగపూర్ రైల్వే తీర్చిదిద్దింది. 1955 నుంచి అది ఆగ్నేయ రైల్వేలో ఉంది. వాల్తేరు డివిజన్ కూడా అప్పట్లో అదే జోన్. ఈస్ట్ కోస్ట్ రైల్వేలోకి మారింది 2003లోనే. కాబట్టి శ్రీకాకుళం, విశాఖ జిల్లాల కుటుంబాలకు ఖరగ్‌పూర్ పరాయి రాష్ట్రం కాదు, అదే లైనులో ఇంకో స్టేషన్. మథురాకాటిలో, నిమ్‌పురాలో తెలుగు వినబడకుండా వీధి దాటలేం. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2020 డిసెంబర్‌లో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించిందంటే అందులో ఈ ఊరి వాటా చాలా ఉంది.

యుద్ధం కూడా ఈ ఊరికి పత్రికల్లో చదివే విషయం కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా బి-29 బాంబర్ల దళానికి ఖరగ్‌పూర్ కేంద్రం. పక్కనే ఉన్న కలైకుండ వైమానిక స్థావరం అప్పటిదే. 1965 సెప్టెంబర్ 7న ఢాకా వైపు నుంచి వచ్చిన పాకిస్తాన్ సేబర్ జెట్లు ఆ స్థావరం మీద దాడి చేసి, నేల మీద ఉన్న కాన్‌బెరా, వాంపైర్ విమానాలను తగలబెట్టాయి. అదే రోజు రెండోసారి వచ్చినప్పుడు మన హంటర్ విమానాలు ఎదురు తిరిగాయి. ఫ్లైట్ లెఫ్టినెంట్ ఆల్‌ఫ్రెడ్ కుక్ పేరు ఊళ్లో అప్పటి పిల్లలందరికీ తెలుసు. ఆరేళ్ల తర్వాత మళ్లీ కిటికీలకు కాగితాలు అతికించమంటే ఎందుకని అడిగిన వాళ్లెవరూ లేరు.

ఇక ఆ రోజు. టీవీ అన్నది 1971లో ఢిల్లీకి మాత్రమే ఉంది. కలకత్తాకు వచ్చింది 1975లో. ఇంట్లో కూర్చున్న మనిషికి యుద్ధం అంటే రేడియోనే. ఆ రేడియోకు పోస్టాఫీసులో ఏటా లైసెన్సు రుసుము కట్టాలి. పొద్దున్నే ఆకాశవాణి సంకేత సంగీతంతో రోజు మొదలయ్యేది. ఐరోపాలో నాజీల నీడ నుంచి తప్పించుకుని బొంబాయి చేరిన వాల్టర్ కాఫ్‌మన్ అనే యూదు సంగీతకారుడు కట్టిన బాణీ అని చెబుతారు. ఒక యుద్ధ శరణార్థి బాణీతో మన ఇళ్లు నిద్రలేచేవన్నమాట. ఆ ఏడాది శరణార్థి అన్న మాట బెంగాల్‌లో ప్రతి నోటా ఉంది. తూర్పు పాకిస్తాన్ నుంచి కోటి మంది వరకు సరిహద్దు దాటి వచ్చారు.

తాతయ్య దగ్గర రోజుకు నాలుగు వినికిళ్లు ఉండేవి. పొద్దున ఢిల్లీ నుంచి షార్ట్ వేవ్‌లో వచ్చే తెలుగు వార్తలు. గరగరలాడినా అవి ఇంటి భాషలో వచ్చిన దేశం. సాయంత్రం డ్యూటీ దిగాక కలకత్తా కేంద్రం బెంగాలీ వార్తలు. మధ్యలో, పట్టుకోగలిగితే, స్వాధీన్ బంగ్లా బేతార్ కేంద్ర. ఆ పైన బీబీసీ. రేడియో పాకిస్తాన్ కూడా వినేవారు గానీ, పొరుగువాళ్లకు వినిపించనంత సన్నగా.

వీటిలో మా వాళ్లను మంత్రం వేసినట్టు కూర్చోబెట్టింది కలకత్తా కేంద్రంలో దేవ్‌దులాల్ బందోపాధ్యాయ గొంతు. 'సంబాద్ పరిక్రమ' అనే వార్తా వ్యాఖ్య ఆయన చదివేవారు. రాసింది ప్రణబేష్ సేన్. బెంగాలీ అంతంత మాత్రంగా వచ్చిన మా నాయనమ్మ కూడా ఆ గొంతు వస్తే పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చేదట. వార్త చదివేవాడు తాను చదువుతున్నది నమ్ముతున్నాడని శ్రోతకు అనిపించడం అరుదు. ఆ తొమ్మిది నెలలూ సరిహద్దుకు రెండు వైపులా అలా అనిపించింది. 1972లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు.

స్వాధీన్ బంగ్లా బేతార్ కథ వేరు. మార్చి 26న చిట్టగాంగ్ దగ్గర కాలూర్‌ఘాట్‌లో మొదలై, అక్కడి నుంచి తరిమితే త్రిపురకు వచ్చి, మే 25 నుంచి కలకత్తాలోని బాలీగంజ్ సర్క్యులర్ రోడ్డు ఇంట్లో స్థిరపడింది. ట్రాన్స్‌మిటర్ ఇచ్చింది మన ప్రభుత్వమే. అయినా శ్రోతలకు అది స్వేచ్ఛా బంగ్లాదేశ్ గడ్డ మీది గొంతుగానే వినిపించాలి. ఎం.ఆర్. అఖ్తర్ ముకుల్ ఢాకా వీధి యాసలో చదివే 'చరమ్‌పత్ర' విని మథురాకాటిలో బెంగాలీ ఫోర్‌మన్‌లు కడుపుబ్బ నవ్వుతుంటే, తెలుగు ఖలాసీలు అర్థం చెప్పమని వెంటపడేవారు. యుద్ధకాలపు రేడియోలో ఎవరు మాట్లాడుతున్నారన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడి నుంచి మాట్లాడుతున్నట్టు వినిపిస్తోందన్నది కూడా అంతే ముఖ్యం.

డిసెంబర్ 3 మధ్యాహ్నం ప్రధాని ఇందిరా గాంధీ కలకత్తాలోనే ఉన్నారు. బ్రిగేడ్ పరేడ్ గ్రౌండ్‌లో బహిరంగ సభ. సాయంత్రం 5.40 ప్రాంతంలో పశ్చిమాన అమృత్‌సర్, పఠాన్‌కోట్, శ్రీనగర్, అవంతిపూర్ వైమానిక స్థావరాల మీద పాకిస్తాన్ విమానాలు దాడి మొదలుపెట్టాయి. కబురు అందిన ప్రధాని ఆ రాత్రే ఢిల్లీ చేరుకున్నారు. ఖరగ్‌పూర్‌లో దీపాలు ఆరిపోయాయి. దాడి అంతా పడమట జరిగినా, కలైకుండ పక్కన ఉన్నవాళ్లకు ఆకాశం వైపు చూడకుండా ఉండటం సాధ్యం కాదు. ప్రధాని మాట్లాడతారని రేడియో చెబుతోంది. ఎప్పుడో తెలియదు. పిల్లల్ని పడుకోమన్నారు. వాళ్లు పడుకున్నట్టు నటించారు. తువ్వాలు కింద రేడియో పాటలు వేస్తోంది, మధ్యలో ఆపుతోంది, మళ్లీ వేస్తోంది.

అర్ధరాత్రి దాటాక ఆమె గొంతు వచ్చింది. బంగ్లాదేశ్‌లో జరుగుతున్న యుద్ధం ఇప్పుడు భారత్ మీద యుద్ధంగా మారిందన్నారు. దేశాన్ని యుద్ధానికి సన్నద్ధం చేస్తున్నామన్నారు. కష్టాలకు, త్యాగాలకు చాలాకాలం సిద్ధంగా ఉండాలన్నారు. దేశమంతటా అత్యవసర పరిస్థితి ప్రకటించినట్టూ చెప్పారు. తాతయ్యకు అర్థమైంది మొదటి మాట. మిగతాది తెల్లారి తెలుగు వార్తల్లో స్పష్టంగా విన్నారు. విన్నారు గానీ పట్టించుకోలేదు. యుద్ధమన్నాక అత్యవసరం కాక ఇంకేమిటి?

దాదాపు అదే సమయానికి, అదే తూర్పు తీరంలో, మా వాళ్ల సొంత సముద్రంలో ఇంకోటి జరిగింది. విశాఖపట్నం రేవు ముఖద్వారానికి దగ్గర్లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ పేలిపోయి మునిగింది. తొంభై మందికి పైగా ఉన్న సిబ్బందిలో ఒక్కరూ మిగల్లేదు. విమానవాహక నౌక విక్రాంత్‌ను వేటాడటానికి వచ్చిన జలాంతర్గామి అది. విక్రాంత్ అప్పటికి అండమాన్ దీవుల వైపు వెళ్లిపోయింది. అది విశాఖ దగ్గరే ఉందని నమ్మించడానికి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ నాయకత్వంలోని తూర్పు నౌకాదళం ఎత్తు వేసింది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ నుంచి విక్రాంత్ పంపుతున్నట్టే వైర్‌లెస్ సందేశాలు పంపింది. పెద్ద నౌకకు సరిపడా సరుకులకు విశాఖ బజారులో ఆర్డర్లు పెట్టింది. అంటే ఆ రోజుల్లో గాలిలో రెండు రకాల రేడియో ప్రయాణిస్తోంది. శత్రువును మోసం చేసేది ఒకటి, ఇంటివాళ్లకు ధైర్యం చెప్పేది ఒకటి. మొదటిది పనిచేయాలంటే రెండోది కొన్ని విషయాల్లో నోరు మూసుకోవాలి.

మూసుకుంది. డిసెంబర్ 4న ఘాజీ మాట లేదు. 5న లేదు. 6న బంగ్లాదేశ్‌ను భారత్ గుర్తించిన వార్త వచ్చింది, వీధిలో మిఠాయిలు పంచారు. విశాఖ సంగతి మాత్రం రాలేదు. 8వ తేదీన ఇన్‌లాండ్ లెటర్ వచ్చింది. విశాఖలో సముద్రానికి దగ్గర్లో కాపురముంటున్న తాతయ్య చెల్లెలు రాసింది. మొన్న అర్ధరాత్రి ఇల్లు అదిరిందని, కిటికీ అద్దాలు గలగలలాడాయని, భూకంపమనుకుని పిల్లల్ని చంకనేసుకుని వీధిలోకి పరుగెత్తామని, సముద్రంలో నూనె తేలుతోందని జాలర్లు చెబుతున్నారని, అన్నయ్య రేడియోలో ఏమైనా విన్నాడా అని. నాలుగు స్టేషన్లు వినే మనిషికి చెల్లెలి ఉత్తరం చెప్పిన వార్త తెలియదు.

మర్నాడు, డిసెంబర్ 9న, ఘాజీ మునిగిపోయినట్టు భారత్ ప్రకటించింది. ఆ సాయంత్రం తాతయ్య ఉత్తరాన్ని రేడియో పక్కన పెట్టుకుని విన్నారట. చెల్లెలు రాసిన నూనె, రేడియో చెప్పిన జలాంతర్గామి ఒకదానికొకటి సరిపోయాయి. అదే రాత్రి పశ్చిమాన, డయ్యూ తీరానికి దూరంగా, మన ఐఎన్ఎస్ ఖుక్రీ మునిగింది. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లాతో పాటు 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. ఒక విజయాన్ని విని ఇళ్లలో దీపాలు ఆర్పుతున్న వేళకు ఆ ఓడ నీళ్లలోకి వెళ్తోంది. యుద్ధంలో రేడియో చెప్పే 'ఈ రోజు' ఎప్పుడూ నిజమైన ఈ రోజు కాదు.

ఆరు రోజులు ఎందుకు దాచారు? కారణాలు తెలిసినవే. డైవర్లు అడుగుకు దిగి శిథిలాలను నిర్ధారించాలి. తమ జలాంతర్గామి ఏమైందో పాకిస్తాన్‌కు తెలియకుండా ఉంచితే వాళ్ల లెక్కలు తప్పుతాయి. ఘాజీ ఎలా మునిగిందన్న దాని మీద ఇప్పటికీ వాదం ఉంది. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల వల్లేనని మన నౌకాదళం, లోపలి పేలుడో, సొంత మందుపాతరో కారణమని పాకిస్తాన్ అంటాయి. ఆ వాదం ఎలా తేలినా, ఆ మౌనాన్ని తాతయ్య ఏనాడూ తప్పు పట్టలేదు. యుద్ధంలో ఉన్న దేశం కొన్ని చెప్పదు, ఆలస్యంగానైనా నిజమే చెప్పింది కదా అనేవారు. ఆ మాటతో నాకూ పేచీ లేదు. దాచినదానికి ఒక కారణం ఉంది, ఒక గడువు ఉంది. గడువు తీరాక బయటపెట్టారు. శ్రోత తన చేతిలోని ఉత్తరంతో సరిచూసుకోగలిగాడు.

ఇప్పుడు రెండో వార్త సంగతి.

డిసెంబర్ 16 సాయంత్రం ఢాకాలో జనరల్ నియాజీ లొంగుబాటు పత్రం మీద సంతకం చేశారు. మర్నాడు పశ్చిమాన కాల్పులు ఆగాయి. కిటికీల కాగితాలు నీళ్లతో తడిపి గీకేశారు. డిసెంబర్ 3 రాత్రి రేడియో చెప్పినవన్నీ రెండు వారాల్లో పాతబడిపోయాయి, ఒక్కటి తప్ప. ఆ రాత్రి ప్రకటించిన అత్యవసర పరిస్థితిని ఎత్తెయ్యలేదు. మర్నాడే పార్లమెంటు ఆమోదించిన భారత రక్షణ చట్టం, దాని కింది నిబంధనలు అమల్లోనే ఉన్నాయి. మనలో చాలామందికి ఎమర్జెన్సీ అంటే 1975 జూన్ 25. నిజానికి ఆ రాత్రి పెట్టింది రెండోది. మొదటిది అప్పటికి మూడున్నరేళ్లుగా నడుస్తూనే ఉంది. రెండోదాన్ని 1977 మార్చి 21న, మొదటిదాన్ని మార్చి 27న ఎత్తేశారు. పద్నాలుగు రోజుల యుద్ధానికి అయిదేళ్లు దాటిన అత్యవసరం.

దాని అర్థం ఖరగ్‌పూర్‌కు తెలిసింది 1974లో. మే 8న దేశవ్యాప్త రైల్వే సమ్మె మొదలైంది. జార్జి ఫెర్నాండెజ్ నాయకత్వంలో దాదాపు 17 లక్షల మంది. సమ్మెకు వారం ముందే నాయకుల అరెస్టులు మొదలయ్యాయి. సమ్మెను చట్టవిరుద్ధమని ప్రకటించడానికి, కార్మికుల్ని జైళ్లకు పంపడానికి ప్రభుత్వం చేతిలో ఉన్న ఆయుధాల్లో ముఖ్యమైనది ఆ భారత రక్షణ నిబంధనలే. శత్రు విమానాల కోసం తెచ్చిన కట్టడి ఫిట్టర్ల మీద, ఖలాసీల మీద, డ్రైవర్ల మీద పనిచేసింది. కాలనీల నుంచి కుటుంబాలను ఖాళీ చేయించారు. మే 27న సమ్మె విరమించారు. ఆకాశవాణి అప్పుడు ప్రభుత్వంలో ఒక శాఖ. కార్మికుల పక్షం దాన్నుంచి వినిపిస్తుందని ఎవరూ ఆశించలేదు. 1971లో ఆ గొంతు మీద పెరిగిన నమ్మకం ఎటు ఖర్చయిందో రైల్వే కాలనీలకు అప్పుడే అర్థమైంది. మిగతా దేశానికి ఇంకో ఏడాది పట్టింది.

ఇందులో ఒక విషాదం ఉంది. 1971 డిసెంబర్ 3 నాటి ఆ ప్రకటన వెలువడింది రాష్ట్రపతి వి.వి. గిరి పేరు మీద. రైల్వే తెలుగువాళ్లకు ఆ పేరు రాష్ట్రపతి భవన్ నుంచి తెలిసింది కాదు. బరంపురం నుంచి వచ్చి, 1920లలో బెంగాల్-నాగపూర్ రైల్వే కార్మికుల సంఘాన్ని నడిపి, కంపెనీని ఎదిరించి సమ్మె చేయించిన నాయకుడు ఆయన. ఆ రైల్వే పెద్ద వర్క్‌షాపు ఉన్నది ఖరగ్‌పూర్‌లోనే. 1974 సమ్మె సమయంలోనూ ఆయనే రాష్ట్రపతి. సంతకం చేసిన రాత్రి ఆయన ఎదుట ఉన్నది పాకిస్తాన్ దాడి. అది రైల్వే కాలనీల దాకా వస్తుందని ఊహించి ఉండరు. అలా ఊహించాల్సిన బాధ్యత ఎవరిదన్నదే అసలు ప్రశ్న.

సమాధానం కొంత రాజ్యాంగంలోనే దొరికింది. 1978 నాటి 44వ సవరణ తర్వాత అత్యవసర పరిస్థితికి కేబినెట్ లిఖితపూర్వక సలహా కావాలి. నెలలోగా పార్లమెంటు ప్రత్యేక మెజారిటీతో ఆమోదించాలి. ఆరు నెలలకోసారి మళ్లీ అనుమతి తెచ్చుకోవాలి. ఆకాశవాణి కూడా 1997లో ప్రసార భారతి కిందికి వచ్చింది. చట్టం పాఠం నేర్చుకుందనే అనుకుందాం. శ్రోత నేర్చుకున్నాడా?

2025 మే నెలలో ఆపరేషన్ సిందూర్ రోజులు గుర్తు తెచ్చుకోండి. 7వ తేదీన విశాఖ, హైదరాబాద్ సహా దేశమంతటా పౌర రక్షణ మాక్ డ్రిల్. దీపాలు ఆర్పే పద్ధతి మళ్లీ గుర్తొచ్చింది. మర్నాటి రాత్రి కొన్ని టీవీ చానళ్లు కరాచీ రేవును మన నౌకాదళం ధ్వంసం చేసిందని ఊదరగొట్టాయి. తెల్లారేసరికి అదేమీ జరగలేదని తేలింది. 1971లో రేడియో జరిగినదాన్ని ఆరు రోజులు దాచింది. ఇప్పుడు జరగనిదాన్ని ఆరు నిమిషాలు కూడా ఆపుకోలేకపోయారు. ఆ రాత్రి నాన్న టీవీ కట్టేసి, విశాఖలో మా వాళ్లకు ఫోన్ చేశారు. ఇన్‌లాండ్ లెటర్ అలవాటు అది.

కరాచీ గురించి మనమంతా నవ్వుకున్నాం, తిట్టుకున్నాం. అదే రోజు ఇంకో వార్త కూడా వచ్చింది. ఎనిమిది వేలకు పైగా ఖాతాలను భారత్‌లో నిలిపివేయమని ప్రభుత్వం ఆదేశించిందని 'ఎక్స్' సంస్థ ప్రకటించింది. వాటిలో శత్రు ప్రచారం ఎంత, మన పాత్రికేయుల గొంతు ఎంత, ఆ ఆదేశానికి గడువు ఎంత అని ఎంతమందిమి అడిగాం? ఆ రాత్రి మా తాతయ్య చేసిన పనే మనమూ చేశాం. విన్నాం, యుద్ధమన్నాక తప్పదు కదా అనుకున్నాం.

తాతయ్య రిటైరయ్యాక మలంచలో కట్టుకున్న ఇంట్లో ఆ వాల్వు సెట్టు ఇంకా ఉంది. పాడదు. దాని వెనక అట్టలో ఆయన రెండు కాగితాలు దాచారు. ఒకటి చెల్లెలి ఇన్‌లాండ్ లెటర్, నీలిరంగు వెలిసిపోయింది. ఇంకోటి 1974 మే నెలలో క్వార్టర్ తలుపుకు అతికించిన నోటీసు, మడతల దగ్గర చిరిగింది. మొదటిదాన్ని వచ్చిన ప్రతివాళ్లకూ చదివి వినిపించేవారు. రెండోదాన్ని తీసి చూపించింది మాత్రం ఒక్కసారే, నేను పొలిటికల్ సైన్సులో చేరుతున్నానని చెప్పినప్పుడు.